జాన్‌బాబు చీజు పాండిత్యం

జాన్‌బాబు ముప్ఫై నాలుగేళ్లు ఓడలెక్కి దిగాడు గానీ ఒక్కసారీ సముద్రం దాటలేదు. విశాఖ పోర్టుకొచ్చే ఓడలకి బియ్యం దగ్గర్నుంచి సబ్బుల దాకా కావలసిన సరుకంతా అందించే కంపెనీలో ఆయన ఉద్యోగం. ఇరవై ఒకటో ఏట మూటలు మొయ్యడానికి చేరాడు. భుజాన ఉల్లిపాయల బస్తాతో ఊగే నిచ్చెన మీద నడవడం నేర్చాడు. తర్వాత సూపర్వైజరై, చేతిలో కాగితాల అట్టతో ఓడ వంటగది గుమ్మం దాకా వెళ్లే హోదా సంపాదించి, ఆ హోదాలోనే రిటైరయ్యాడు.

ఆ సరుకుల్లో చీజు పెట్టెలూ వైను కేసులూ కూడా ఉండేవి. ఈడం అనే చీజు ఎర్ర మైనం పూతతో వస్తుందనీ, బ్రీ మీద తెల్లటి నూగు ఉంటుందనీ, ఫెటా ఉప్పునీళ్లలో మునిగి ఉంటుందనీ ఆయనకి కొట్టినపిండి. కళ్లు మూసుకుని ఎత్తినా బరువును బట్టి పెట్టెలో ఏముందో చెప్పేవాడు. గ్రీకు వంటవాళ్లూ ఫిలిప్పీన్సు వంటవాళ్లూ మాట్లాడుకుంటుంటే, ఏ చీజుకి ఏ వైను నప్పుతుందో కూడా చెవిన వేసుకున్నాడు. ఒక్కటే కొరత. ఆ రెండింటిలో ఏదీ ఆయన నాలుకకి తగల్లేదు.

పెట్టెలన్నీ కస్టమ్సు సీళ్లతో వచ్చేవి. సీలు మీద గోటి గీత పడినా ఉద్యోగం ఊడేది. ఒకసారి మాత్రం ఒక గ్రీకు వంటవాడు ముచ్చటపడి ఒక ముక్క కోసి చేతిలో పెట్టాడు. దాని ఒంటినిండా పచ్చటి బూజు. ఈస్టరు ముందు తపస్సుకాలం కదా, ఉపవాసం అని చెప్పి జాన్‌బాబు దాన్ని పట్టుకుని కిందికి దిగి, నిచ్చెన మధ్యలో నిలబడి సముద్రపు పక్షులకి విసిరాడు. ఒక పక్షి గాల్లోనే అందుకుని, ఆ వెంటనే నీళ్లలోకి వదిలేసి ఎగిరిపోయింది.

ఈ సంగతి ఆయన ఉండే మల్కాపురంలో ఎవరికీ తెలీదు. రిఫైనరీలో ఫిట్టరుగా చేసే గోపి ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. మతాలు వేరైనా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఒకనాడు వీరన్న టీకొట్టు దగ్గర పదిమందిలో గోపి, ఆ చీజనేది ఎలా ఉంటుందని అడిగాడు. అందరూ గ్లాసులు చేత్తో పట్టుకుని జాన్‌బాబు నోటివైపు చూశారు. ఆ చూపులు ఆయనకి బాగా నచ్చాయి. మొదట ఉప్పగా తగుల్తుందనీ, గొంతులోకి దిగాక జీడిపప్పులా కమ్మగా ఉంటుందనీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆనాటి నుంచి ఆయన చీజుకి పెద్దమనిషి. ఎవరికైనా క్రిస్మసుకి చీజు డబ్బా బహుమతిగా వస్తే ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఆయన వాసన చూసి, ఇది ఇంకా మాగాలి అనేవాడు. గోవా వెళ్లినవాడు వైను సీసా తెస్తే వెలుతురుకి పట్టి చూసి, తాగొచ్చు అనేవాడు. పుచ్చుకోమంటే మాత్రం షుగరు ఉందని తప్పుకునేవాడు.

నిజం తెలిసిన ఒకే ఒక మనిషి ఆయన భార్య మిరియం. కాన్వెంటు బళ్లో పిల్లలకి కుట్టుపని నేర్పి రిటైరయింది. పెరుగు కాస్త పులిస్తే కంచం జరిపేసే మొగుడు, బూజు పట్టిన చీజు గురించి గంటసేపు ఉపన్యసించడం ఆవిడకి ఇంట్లో ఉన్న గొప్ప కాలక్షేపం. ఎప్పుడూ బయటపెట్టలేదు. పైగా నలుగురూ ఉన్నప్పుడు చూసి, ఆ పచ్చది ఎలా ఉంటుందన్నావు, మళ్లీ ఒకసారి చెప్పమని అమాయకంగా అడిగేది. ఆయన చెమట్లు కక్కుకుంటూ చెప్పేవాడు. ఆవిడ శ్రద్ధగా వినేది.

పోయిన జూన్‌లో గోపి ఎప్పటిలాగే వీధివాళ్లని వెంటేసుకుని షిరిడీ బయల్దేరాడు. రెండు బెర్తులు మిగిలాయి. నాసిక్‌లో బాల యేసు గుడి చూడాలని మిరియంకి ఎన్నాళ్లనుంచో కోరిక. అలా ఆ దంపతులు కూడా రైలెక్కారు. వాళ్లతో పాటు అచ్యుతరామయ్య గారు కూడా ఉన్నారు. అమలాపురం వైపు మనిషి. నలభై ఏళ్ల క్రితం ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఎవరు ఏ మంచిమాట చెప్పినా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకోవడం ఆయనకి అలవాటు.

షిరిడీ దర్శనం అయ్యాక టెంపో మాట్లాడుకుని అందరూ నాసిక్ చేరారు. పొద్దున కొందరు త్రయంబకం వెళ్లొచ్చారు, జాన్‌బాబు దంపతులు బాల యేసు దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక టెంపో ఊరి బయట పోతుంటే రోడ్డు పక్కన పెద్ద బోర్డు కనబడింది. ద్రాక్షతోట, వైను రుచి చూపిస్తారు, తోడు చీజు. గోపి బోర్డంతా పైకి చదివి, బండి ఆపించాడు.

సంచుల్లో ప్రసాదం పెట్టుకుని అలాంటి చోట అడుగుపెట్టబోమని ఆడవాళ్లు కొందరు సీట్లలోనే కునుకు తీశారు. గోపి వాళ్లని బలవంతపెట్టలేదు. ఆయన ధ్యాసంతా జాన్‌బాబు మీదే ఉంది. ఇంతటి మనిషి పక్కనుండగా ఈ తోట చూడకుండా పోతే పాపమన్నాడు. జాన్‌బాబు తప్పించుకోవాలని చూశాడు. షుగరన్నాడు. సాయంత్రం రైలుందన్నాడు. రైలు మర్నాడని అచ్యుతరామయ్య గారు పుస్తకం తీసి చూపించారు. జాన్‌బాబు చివరి ఆశగా భార్యవైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని కిందికి దిగి నిలబడింది.

"ముప్పై ఏళ్లుగా సెప్తన్నావు కదయ్యా. ఓపాలి నాను కూడా సూత్తాను," అంది. ఆవిడ మొహం పూజలో ఉన్నంత గంభీరంగా ఉంది.

మేడ మీద గాజు గోడల గది. కింద కొండవాలంతా వరసలు తీరిన ద్రాక్షతీగలు. ఒక్కొక్కరి ముందూ నాలుగు గ్లాసులూ, ఒక చెక్కపలక మీద నాలుగు చీజు ముక్కలూ పెట్టారు. పక్క బల్ల దగ్గర పూనా నుంచి వచ్చిన బృందం కూర్చుంది. నల్లటి ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టగానే గోపి చెయ్యెత్తి ఆపాడు. తనకి తెలిసిన హిందీలో, ఈయన దేశదేశాల ఓడలకి చీజు తినిపించిన మనిషి, ఈయన ముందు చూసి మాట్లాడమని సలహా ఇచ్చాడు. మధ్యలో రెండు తెలుగు ముక్కలు దొర్లాయి.

ఆ అమ్మాయి వెంటనే తెలుగులోకి మారింది. పేరు మధులత. ఊరు విశాఖ దగ్గరి తగరపువలస. వాళ్లమ్మకి అక్కడి మార్కెట్లో గాజుల కొట్టు ఉంది. మనవాళ్లు కనబడ్డారన్న సంబరం మాత్రం ఆ పిల్ల మొహంలో ఎంతోసేపు నిలవలేదు. గ్లాసు తుడిచే వంకతో జాన్‌బాబు కుర్చీ పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"బాబాయ్, ఈ వారంతో నా ప్రొబేషన్ అయిపోతాది. ఆ తలుపు కాడ నిలబడ్డాయనే మా మేనేజరు. నాను సెప్పినదాంట్లో తప్పులుంటే పైకి అనీకండేం."

ఆ పిల్ల తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తోంది. భయపడకమ్మా అన్నాడు జాన్‌బాబు. ఆ ఒక్క మాటకే మధులతకి ప్రాణం లేచొచ్చింది. అసలు సంగతి కూడా చెప్పేసింది. "నిజం సెప్తన్నాను బాబాయ్. చీజు వాసనొత్తే నాకు కడుపులో తిప్పీత్తాది. కార్డంతా బట్టీ పట్టీసినాను."

జాన్‌బాబు ఆ పిల్లని కళ్లార్పకుండా చూశాడు. ఇన్నేళ్లకి తన వృత్తిలోని మరో మనిషి ఎదురుపడింది. నేనూ అంతేనమ్మా అన్న మాట పళ్ల దాకా వచ్చింది. ఎదురుగా మిరియం చూస్తూ ఉండటంతో దాన్ని మింగేశాడు.

"నీకెందుకు, నువ్వు సెప్పుకుంటూ పో. తలూపడం నా పని," అన్నాడు.

ఒప్పందం కుదిరింది. మొదటిది ఫెటా, తోడు తెల్ల వైను. వైను గుక్కెడు నోట్లో పోసుకుంటే పండని ద్రాక్షకాయ కొరికినట్టు పుల్లగా తగిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆహా అన్నాడు. చీజు ముక్క ఉప్పుగల్లుని పెరుగులో ముంచినట్టుంది. దాన్ని నీళ్లలాగా మింగి, గ్రీకువాళ్లు దీన్ని ముందు కడుక్కుని గానీ తినరని చెప్పాడు. అది నిజంగా తను చూసిందే. అచ్యుతరామయ్య గారు, ఫెటా కడిగి తినవలెను అని రాసుకున్నారు. మధులత కార్డులోది ఒక వాక్యం చెప్పడం, జాన్‌బాబు తలూపి దాని మీద ఒక ఓడ కథ వెయ్యడం. కథలన్నీ నిజాలే. రుచులే అబద్ధాలు. పూనా వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. మేనేజరు తలుపు వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

రెండోది బ్రీ. దాని మీది తెల్ల తోలు తినాలా, తియ్యాలా అని పూనా బృందంలో ఒకాయన అడిగాడు. జాన్‌బాబుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓడ మీద కెప్టెన్లు తోలుతో తింటారు, కళాసీలు తీసేసి తింటారు అని ఇంగ్లీషులో తేల్చేశాడు. ఆ బల్ల మీద ఒక్క తోలు ముక్క కూడా మిగల్లేదు.

మూడోది, ఆ గ్రీకు వంటవాడు ఇచ్చినదే, పచ్చ బూజుది. తోడు తియ్యటి వైను. జాన్‌బాబు ముక్కని రెండు వేళ్లతో తీసి, మూతి తుడుచుకుంటున్నట్టు రుమాల్లోకి జార్చి, జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ నోటిని కాసేపు నమిలాడు. ఇలాంటి వాటిని మాటల్లో చెప్పలేమన్నాడు. అచ్యుతరామయ్య గారు అది కూడా రాసుకున్నారు.

ఈ హడావిడిలో మిరియంని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడకి ఎవరి ముందూ పరువు నిలబెట్టుకోవలసిన పని లేదు కాబట్టి హాయిగా తింటోంది. తియ్యటి వైను తనది అవగొట్టి గోపి గ్లాసు కూడా దగ్గరికి లాక్కుంది. నాలుగోది గట్టి గౌడా, ఏడాది మాగినది, తోడు ఎర్ర వైను. నోట్లో వేసుకోగానే పాలకోవా గిన్నె అడుగున అంటుకున్న మాడు గీకి తిన్నట్టనిపించింది. అదంటే ఆవిడకి చిన్నప్పటినుంచీ ప్రాణం. తన ముక్క అయిపోయింది. పక్కన మొగుడి ముక్క ఎవరూ ముట్టుకోకుండా పడుంది. మొగుడు పూనా వాళ్లవైపు తిరిగి సింగపూర్ ఓడ కథలో ఉన్నాడు. ఆవిడ అది కూడా తినేసింది.

పలక మీద ఖాళీ జాగా చూస్తే బాగోలేదనిపించింది. రైల్లో తినడానికి ఉప్పేసి ఉడికించి ఆరబెట్టిన పనస పిక్కలు సంచిలో ఉన్నాయి. ఒకటి తీసి, పొట్టు ఒలిచి, బల్ల మీది చాకుతో రెండుగా కోసి, గౌడా ఉన్నచోట ఒద్దికగా పెట్టింది. తలెత్తేసరికి మధులత చూస్తోంది. మిరియం కన్ను గీటింది.

జాన్‌బాబు ఇటు తిరిగి, మనసులో బాల యేసుని తలుచుకుని, ఆ ముక్క కొరికాడు. నమిలాడు. ఆ మధ్యాహ్నం మొదటిసారిగా ఆయన నోటికి సుఖం కలిగింది. పులుపు లేదు, కంపు లేదు. మిగతా సగం గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ముందు పిండిలా పొడిపొడిగా రాలుతుందనీ, తర్వాత వాన పడిన మట్టి వాసన వస్తుందనీ, ఆఖర్న లేతగా ఒక తీపి నాలుక వెనకాల నిలుస్తుందనీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాడు.  ఇన్నాళ్లూ తను ఊహించి చెప్పింది మరీ అంత అబద్ధం కాదన్నమాట అనుకున్నాడు. "ఇదీ సీజంటే," అని కూర్చున్నాడు. ఎంత ఇదిగా ఉన్నాడంటే, చీజు అనే మాటలో ఎన్నడూ పోని చ కూడా స అయిపోయింది.

పూనా బృందంలో కళ్లజోడావిడ తన గౌడా మరోసారి కొరికి చూసుకుంది. ఇందులో పిండీ లేదు, మట్టీ లేదు అంది. ఒక బల్లకి ఒక రకం, ఇంకో బల్లకి ఇంకో రకమా అని మేనేజర్ని నిలదీసింది. మేనేజరు వచ్చి జాన్‌బాబు పలక మీది సగం ముక్క తీసి కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. మధులత మొహంలో నెత్తురు లేదు.

మిరియం తొందరపడకుండా లేచింది. సంచి విప్పి గుప్పెడు పిక్కలు తీసి కళ్లజోడావిడ పలక మీద పోసింది.

"ఇందమ్మా. ఆయన తిన్నది ఇదే."

ఇదేమిటని మేనేజరు అడిగాడు. భాష అర్థం కాకపోయినా ప్రశ్న అర్థమైంది.

"పనస పిక్క," అంది మిరియం.

జాన్‌బాబు చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. పళ్లొచ్చిన నాటినుంచీ తింటున్న పిక్క. పప్పులో తిన్నాడు, ఎండురొయ్యలతో కూరలో తిన్నాడు, బొగ్గుల్లో కాల్చుకుని తిన్నాడు. దాన్ని పోల్చుకోలేక లేచి నిలబడి ఉపన్యాసం చెప్పాడు. చెవులు వేడెక్కాయి. నేల చీలితే బాగుండుననుకుంటూ భార్యవైపు చూశాడు. ఆవిడ పైట కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఆ భుజాలు చూడగానే ఆయనకి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని దాచడానికి ఎర్ర వైను మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, పొలమారి, దగ్గాడు.

మేనేజరు మధులతవైపు తిరిగాడు. కార్డులో లేని మాట ఏదో ఒకటి అప్పటికప్పుడు చెప్పాలి. మధులత ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పింది. ఈయన మా తీరం మనిషి. మంచి ఎర్ర వైను మన ఇంటి తిండితో కూడా కుదురుతుందని చూపించడానికి అందరికీ చిన్న పరీక్ష పెట్టారు. మేనేజరు జాన్‌బాబువైపు చూశాడు. తలూపడం ఆయన పని కదా, ఊపాడు.

కళ్లజోడావిడ ఒక పిక్క నమిలి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుంది. ఇంకో పిక్క తీసుకుంది. అక్కణ్నుంచి గుప్పెడు పిక్కలు అయిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మేనేజరు జాన్‌బాబు చెయ్యి పట్టుకుని ఊపి, మధులతతో హిందీలో ఏదో అన్నాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వెళ్లేటప్పుడు మెట్ల దాకా వచ్చి, మిరియం చెయ్యి పట్టుకుని, పిన్నీ, మళ్లీ రావాలని చెప్పింది. జులైలో ఫోన్ చేసి, ఉద్యోగం ఖాయమైందని కూడా చెప్పింది.

టెంపో నాలుగు మైళ్లు పోయేసరికి లోపల కంపు మొదలైంది. నిద్రపోతున్న ఆడవాళ్లు లేచి ముక్కులు మూసుకున్నారు. ఎలక చచ్చిందేమోనని డ్రైవరు బండి ఆపి సీట్ల కింద వెతికాడు. అనుమానం అచ్యుతరామయ్య గారి మేజోళ్ల మీదికి పోయింది. ఆయన చిన్నబుచ్చుకుని మేజోళ్లు విప్పుతుంటే జాన్‌బాబు ఇక చూడలేకపోయాడు. లేచి, వంగి నిలబడి, జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. పచ్చ బూజు ముక్క కరిగి రుమాలంతా పట్టింది.

"నానెప్పుడూ చీజు తిన్లేదు," అన్నాడు. "ముప్పై ఏళ్లూ అబద్ధాలే సెప్పినాను. ఇయాల మన పనస పిక్కని కూడా పోల్సలేకపోనాను."

 జాన్‌బాబుకి బరువు దిగినట్టుంది. గోపి నిదానంగా తలాడించాడు.

"ఊరుకో బావా. పూనావోళ్లని ఆడించీసినావు సరే. ఇప్పుడు మమ్మల్ని కూడా ఆడిత్తావేటి? అంత మంచి ముక్క ఒక్కడివే తినాలని దాసుకున్నావు, మాకు తెల్దేటి?"

"ఆయ్, నిండుగా చదువుకున్నోళ్లు అలాగే అంటారండి," అన్నారు అచ్యుతరామయ్య గారు, ఒక కాలికే మేజోడుతో, పుస్తకం తీస్తూ.

జాన్‌బాబు ఒట్టేశాడు. గ్రీకు ఓడ సంగతి, పక్షి సంగతి చెప్పాడు. పక్షి దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. కథ కట్టడంలో నీ తర్వాతే ఎవరైనా అన్నాడు గోపి. ఇక మిగిలింది ఒకే సాక్షి. జాన్‌బాబు భార్యవైపు దీనంగా చూశాడు. ఆవిడ నోటి నుంచి ఒక్క ముక్క వస్తే చాలు.

మిరియం కిటికీ వైపు తిరిగి తోటలు చూడసాగింది.

"నాకేటి తెలుసు బాబూ," అంది. "నాను కుట్టుపని మనిషిని."

ఇప్పుడు జాన్‌బాబు నిజమే చెబుతున్నాడు. దానివల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. మల్కాపురంలో పేరు రెట్టింపయింది, అంతే. పూనా పెద్దల చేత పనస పిక్కలు తినిపించిన కథ వీరన్న కొట్టు దాటి, కంచరపాలెం దాకా వెళ్లింది. డిసెంబరులో చర్చిలో కీబోర్డు వాయించే రిచర్డ్ ఒక వైను సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. చెల్లెలి పెళ్లి ప్రధానానికి వచ్చే పెద్దలకి పొయ్యాలి, ఇది మంచిదో కాదో చెప్పమన్నాడు. జాన్‌బాబు సీసా అటూ ఇటూ తిప్పి, లేబులు చదివి, తిరిగి ఇచ్చేశాడు.

"నాకు తెల్దు రిచర్డూ. నిజంగా తెల్దు."

రిచర్డ్ మొహం వాడిపోయింది. అర్థమైంది బాబాయ్, మీరు కాబట్టి అంత మర్యాదగా చెప్పారని, సీసా సంచిలో పెట్టుకుని బండెక్కాడు. జాన్‌బాబు గేటు దాకా పరిగెత్తి పిలిచినా ఆగలేదు. వంటింట్లో మిరియం దగ్గుతోంది. దగ్గుకి మందు వేసుకొమ్మని జాన్‌బాబు కోపంగా చెప్పాడు.

ప్రధానం నాడు పెద్దలంతా రిచర్డ్ మార్చి తెచ్చిన వైనుని తెగ మెచ్చుకున్నారు. అంతా జాన్‌బాబు బాబాయి చలవేనని రిచర్డ్ మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జాన్‌బాబు తల వంచుకుని రెండోసారి పలావు పెట్టించుకున్నాడు.